లెక్కపెట్టలేనప్పుడు కొలవాలి: పొడవులతో, వైశాల్యాలతో సంభావ్యత

ఒక మీటరు పొడవున్న సన్నటి కర్ర తీసుకుని, కళ్లు మూసుకుని దాని మీద ఎక్కడో ఒకచోట గుర్తు పెట్టండి. ఆ గుర్తు సరిగ్గా 50 సెంటీమీటర్ల దగ్గర, వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాకుండా పడే సంభావ్యత ఎంత? సున్నా. 37.2 దగ్గర పడే సంభావ్యత? అదీ సున్నానే. కర్ర మీద ఏ బిందువును చూపించి అడిగినా జవాబు సున్నానే, అయినా గుర్తు మాత్రం ఎక్కడో ఒకచోట పడి తీరుతుంది. మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నా మనసు చాలా రోజులు ఒప్పుకోలేదు, ఎక్కడో మోసం జరుగుతోందనే అనిపించింది.

చిక్కు ఎక్కడుందంటే, స్కూల్లో మనం నేర్చుకున్న సంభావ్యత అంతా లెక్కపెట్టడం మీద నడుస్తుంది. పాచికకు ఆరు ముఖాలు, అందులో సరి సంఖ్యలు మూడు, కాబట్టి 3/6. పేకముక్కలు 52, అందులో రాజులు నాలుగు, కాబట్టి 4/52. మనకు కావలసినవి పైన, మొత్తం కింద. మరి కర్ర మీద బిందువులు ఎన్ని? అనంతం. ఎడమ సగంలో ఎన్ని? అవీ అనంతమే. అనంతాన్ని అనంతంతో భాగిస్తే అర్థమున్న జవాబేదీ రాదు. ఇలాంటిచోట లెక్కపెట్టడం మానేసి కొలవాలి. ఎడమ సగం పొడవు 50, మొత్తం పొడవు 100, కాబట్టి గుర్తు ఎడమ సగంలో పడే సంభావ్యత సగం. ఒక్క బిందువుకు పొడవంటూ లేదు కాబట్టి దాని సంభావ్యత సున్నా. ఇక్కడ సున్నా అంటే అది జరగనే జరగదని అర్థం చేసుకోకూడదు, కొలతలో దాని వాటా ఏమీ లేదని మాత్రమే. 1933లో రష్యన్ గణితజ్ఞుడు కోల్మోగొరోవ్ సంభావ్యతా శాస్త్రానికి గట్టి పునాది వేసినప్పుడు చేసింది కూడా ఇదే: సంభావ్యతను పొడవు, వైశాల్యం లాంటి ఒక కొలతగా చూడటం, మొత్తం కొలత 1 అని పెట్టుకోవడం.

దీనివల్ల ఒక సౌకర్యం ఉంది. "10 కంటే తక్కువ" అన్నా "10 గానీ అంతకంటే తక్కువ గానీ" అన్నా జవాబు ఒకటే, ఎందుకంటే ఆ 10 అనే అంచు బిందువుకు కొలత లేదు. పాచిక లెక్కల్లో ఈ తేడా దగ్గర మార్కులు పోగొట్టుకున్నవాళ్లకు ఇది కాస్త ఊరట.

సూత్రం మొత్తం ఒక్క ముక్కలో అయిపోతుంది. కావలసిన భాగం కొలతను మొత్తం కొలతతో భాగించాలి. ఆ భాగహారంలో కష్టమేమీ లేదు. కష్టమంతా దానికి ముందు రెండు చోట్ల ఉంది: ఏ బొమ్మ గీసుకోవాలి, ఆ బొమ్మ మీద మన బిందువు నిజంగా అంతటా సమానంగా పడే అవకాశం ఉందా లేదా. మొదటిది అభ్యాసంతో వస్తుంది. రెండోదాన్ని చాలామంది అడగనే అడగరు, లెక్కంతా తప్పడానికి అదే కారణమవుతుంది.

పొడవుతోనే మొదలుపెడదాం. అదే కర్రను ఎక్కడో ఒకచోట విరిచామనుకోండి. పెద్ద ముక్క చిన్న ముక్కకు కనీసం రెట్టింపు ఉండే సంభావ్యత ఎంత? చాలామంది సగం లోపే ఉంటుందని ఊహిస్తారు. బొమ్మ గీస్తే వెంటనే తేలిపోతుంది. విరిగిన చోటు ఎడమవైపు మూడో వంతులో ఉన్నా, కుడివైపు మూడో వంతులో ఉన్నా షరతు నెరవేరుతుంది, మధ్య మూడో వంతులో ఉంటేనే నెరవేరదు. అంటే 2/3.

ఇప్పుడు కాలం. కాలం కూడా ఒక గీతే, కాబట్టి పొడవు లెక్క దానికీ పనికొస్తుంది. సరిగ్గా 20 నిమిషాలకొక బస్సు వస్తుంది, మీరు వేళ తెలియకుండా స్టాపుకు వెళ్లారు. ఐదు నిమిషాల లోపే బస్సు దొరకాలంటే, రెండు బస్సుల మధ్య ఉన్న 20 నిమిషాల్లో చివరి ఐదింటిలో మీరు అక్కడ అడుగుపెట్టాలి. 5/20, పావు వంతు. సగటున 10 నిమిషాలు నిలబడతారు. ఇంతవరకు సులభం.

అసలు సంగతి బస్సులు సమానమైన వ్యవధిలో రానప్పుడు బయటపడుతుంది. ఒక బస్సు తర్వాత 10 నిమిషాలకు ఒకటి, ఆ తర్వాత 30 నిమిషాలకు ఇంకొకటి, మళ్లీ 10, మళ్లీ 30, ఇలా వస్తున్నాయనుకుందాం. గంటకు మూడు బస్సుల లెక్క మారలేదు, సగటు వ్యవధి ఇప్పటికీ 20 నిమిషాలే, కాబట్టి సగటున 10 నిమిషాలే ఆగాలి కదా అనిపిస్తుంది. కానీ గీత మీద చూడండి. 40 నిమిషాల గీతలో 30 నిమిషాల ముక్క ముప్పావు వంతు ఆక్రమించింది, కాబట్టి మీరు వెళ్లేసరికి ఆ పెద్ద ఖాళీలోనే ఇరుక్కునే సంభావ్యత 3/4. అందులో ఇరుక్కుంటే సగటున 15 నిమిషాలు, చిన్న ఖాళీలో పడితే సగటున 5 నిమిషాలు. మొత్తం సగటు 12.5 నిమిషాలు. బస్సుల సంఖ్య తగ్గలేదు, మనం ఆగే సమయం మాత్రం పెరిగింది. ఖాళీలు రెండు రకాలు సమాన సంఖ్యలో ఉన్నా, మనం పడేది ఖాళీల సంఖ్యను బట్టి కాదు, వాటి పొడవును బట్టి. స్టాపులో నిలబడినప్పుడల్లా మనకే ఎక్కువ ఆలస్యమవుతోందని అనిపించడం వెనక దురదృష్టం ఏమీ లేదు, పొడవు ఉంది.

ఇక వైశాల్యం. ఒక గుండ్రటి పలక, దాని మధ్యలో మూడో వంతు వ్యాసార్థంతో చిన్న వృత్తం. పలక మీద ఎక్కడో ఒకచోట బాణం గుచ్చుకుంది. చిన్న వృత్తంలో గుచ్చుకునే సంభావ్యత 1/3 అనేవాళ్లు చాలామంది ఉంటారు, జవాబు 1/9. వ్యాసార్థం మూడో వంతైతే వైశాల్యం తొమ్మిదో వంతవుతుంది. బాణం తగిలేది ఒక ప్రాంతానికి, కాబట్టి కొలవాల్సింది ప్రాంతాన్నే. ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది గానీ, పొడవు సమంగా ఉండటం వేరు, వైశాల్యం సమంగా ఉండటం వేరు అన్న ఈ తేడాయే చివర్లో మనల్ని పెద్ద చిక్కులో పడేస్తుంది, గుర్తుంచుకోండి.

ఈ దారిలో వెనక్కి కూడా నడవొచ్చు. వైశాల్యం తెలిస్తే సంభావ్యత వస్తుంది, అలాగే సంభావ్యతను ప్రయోగం చేసి కనుక్కుంటే వైశాల్యం వస్తుంది. ఒక చతురస్రంలో సరిగ్గా ఇమిడే వృత్తం గీసి, చతురస్రం మీద యాదృచ్ఛికంగా బిందువులు చల్లితే, వృత్తంలో పడేవాటి వాటా "పై" విలువలో నాలుగో వంతుకు, అంటే దాదాపు 0.785కు చేరువవుతుంది. 1940లలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఉలామ్, వాన్ నాయ్‌మన్ అనే గణితజ్ఞులు ఈ ఆలోచనను కంప్యూటర్ మీద పెట్టి, నేరుగా సాధించలేని భౌతికశాస్త్ర లెక్కలకు వాడారు, దానికే మాంటే కార్లో పద్ధతి అని పేరు. అంతకు చాలా ముందే, 1847లో, ఫ్రాన్స్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త డెలెస్ రాయిని కోసి, ఆ కోత మీద ఒక ఖనిజం ఎంత వైశాల్యంలో కనిపిస్తోందో చూస్తే రాయి మొత్తంలో ఆ ఖనిజం ఎంత ఉందో అంచనా వేయొచ్చని చెప్పాడు. ఒక్క కోత వైశాల్యం నుంచి రాయి ఘనపరిమాణం గురించి మాట్లాడటం నాకు ఇప్పటికీ ఎంతో నచ్చే ఆలోచన.

పలకలు పరిచిన నేల మీద నాణెం విసిరే ఆట ఒకటి 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఉండేది. నాణెం ఏ అంచునూ తాకకుండా పూర్తిగా ఒకే పలకలో పడుతుందా, లేక గీత మీద పడుతుందా అన్నదే పందెం. ఇందులో నాణెం మొత్తాన్ని తలలో పెట్టుకుంటే బుర్ర తిరుగుతుంది. నాణెం కేంద్రాన్ని మాత్రమే చూడాలి. పలక భుజం 10 సెంటీమీటర్లు, నాణెం వ్యాసం 2.5 అనుకుందాం. నాణెం గీతను తాకకూడదంటే దాని కేంద్రం ప్రతి అంచుకూ కనీసం 1.25 దూరంలో ఉండాలి. అంటే పలక లోపల 7.5 భుజమున్న చిన్న చతురస్రంలో కేంద్రం పడాలి. 56.25ను 100తో భాగిస్తే 0.5625. అంతే. వస్తువును వదిలేసి దాన్ని ప్రతినిధిగా నిలబెట్టే ఒక బిందువును పట్టుకోవడం, ఈ మొత్తం విషయంలో నేర్చుకోవాల్సిన మొదటి కిటుకు ఇది. ఆటలో రెండు పక్షాలకూ సమాన అవకాశం ఉండాలంటే లోపలి చతురస్రం వైశాల్యం సగం కావాలి, దానికి నాణెం వ్యాసం పలక భుజంలో దాదాపు 0.293 వంతు ఉండాలి. ఈ 0.293ను కాసేపు పక్కన పెట్టుకోండి.

రెండో కిటుకు ఇంకా బలమైనది. ప్రశ్నలో బొమ్మే లేనప్పుడు బొమ్మను మనమే పుట్టించడం.

ఇద్దరు స్నేహితులు సాయంత్రం 5 నుంచి 6 మధ్య ఒకచోట కలుద్దామనుకున్నారు. ఎవరు ఎప్పుడు వస్తారో తెలియదు, ఒకరి రాకకూ మరొకరి రాకకూ సంబంధం లేదు. ముందు వచ్చినవాళ్లు 15 నిమిషాలు చూసి వెళ్లిపోతారు. కలుసుకునే సంభావ్యత ఎంత? ఇందులో వైశాల్యం ఎక్కడుంది? ఎక్కడా లేదు. కానీ మొదటివాడు వచ్చిన నిమిషం అడ్డంగా, రెండోవాడు వచ్చిన నిమిషం నిలువుగా గీస్తే, ఆ సాయంత్రం మొత్తం ఒక్క బిందువైపోతుంది. మొదటివాడు 5:20కి, రెండోవాడు 5:50కి వస్తే బిందువు (20, 50). జరగగల సాయంత్రాలన్నీ కలిసి 60 భుజమున్న చతురస్రం, వైశాల్యం 3600. ఇద్దరూ ఒకే నిమిషంలో వచ్చే సాయంత్రాలన్నీ కర్ణం మీద ఉంటాయి. వాళ్లు కలుసుకోవాలంటే రెండు సంఖ్యల తేడా 15 దాటకూడదు, అంటే బిందువు కర్ణానికి రెండువైపులా ఉన్న ఒక పట్టీలో పడాలి. పట్టీ వైశాల్యం నేరుగా తీయడం కంటే మిగిలిన రెండు మూలలు తీసేయడం సులభం. రెండు మూలలూ లంబకోణ త్రిభుజాలు, లంబకోణాన్ని చేసే భుజాలు 45 చొప్పున, రెండూ కలిపితే 45 భుజమున్న చతురస్రమంత, అంటే 2025. మిగిలింది 1575. దాన్ని 3600తో భాగిస్తే 7/16, సుమారు 0.44. గంటలో పావు వంతు మాత్రమే ఓపిక పడితే దాదాపు సగం అవకాశం వచ్చేసింది, అదే అరగంట ఓపిక పడితే 3/4 వస్తుంది.

సరిగ్గా సగం రావాలంటే ఎంతసేపు ఆగాలి? మూలల రెండింటి వైశాల్యం కలిపి సగం కావాలి, లెక్క చేస్తే దాదాపు 17.6 నిమిషాలు. గంటలో అది 0.293 వంతు. నాణెం ఆటలో వచ్చిన సంఖ్యే! నేల మీద నాణానికీ, ఎదురుచూసే స్నేహితుడికీ సంబంధం ఏమిటా అనిపిస్తుంది, కానీ రెండు ప్రశ్నల్లోనూ చతురస్రం వైశాల్యాన్ని సగం చేసే చిన్న చతురస్రాన్నే వెతుకుతున్నాం, కథ మారినా బొమ్మ ఒకటే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇద్దరి రాకకూ సంబంధం లేదన్న షరతు ఊరికే పెట్టింది కాదు. ఇద్దరూ దారిలో ఫోన్ చేసుకుంటే, లేదా వర్షం వచ్చి ఇద్దరికీ ఒకేలా ఆలస్యమైతే, బిందువులు కర్ణం చుట్టూ గుమిగూడతాయి. బొమ్మ అదే, వైశాల్యం అదే, జవాబు మాత్రం తప్పు, ఎందుకంటే చతురస్రం మీద బిందువులు సమంగా పరుచుకోవడం లేదు. ఇద్దరి బదులు ముగ్గురైతే చతురస్రం స్థానంలో ఘనం వస్తుంది, వైశాల్యం బదులు ఘనపరిమాణం కొలవాలి, ఆలోచనలో తేడా లేదు.

ఇదే కిటుకుతో కర్ర దగ్గరకు మళ్లీ వద్దాం. కర్ర మీద యాదృచ్ఛికంగా రెండు చోట్ల గుర్తులు పెట్టి మూడు ముక్కలు చేస్తే, ఆ మూడింటితో త్రిభుజం కట్టగలమా? ఏ ముక్కా మొత్తంలో సగం కంటే పొడవు ఉండకూడదు, షరతు అదొక్కటే. మొదటి గుర్తు అడ్డంగా, రెండోది నిలువుగా పెడితే మళ్లీ చతురస్రమే. రెండు గుర్తులూ ఎడమ సగంలోనే ఉంటే కుడి ముక్క మరీ పొడవైపోతుంది, రెండూ కుడి సగంలో ఉన్నా అంతే, కాబట్టి చతురస్రంలో రెండు పావు భాగాలు పోయాయి. మిగిలిన రెండు పావుల్లో గుర్తుల మధ్య దూరం సగం దాటకూడదన్న షరతు ఒక్కొక్కదాన్నీ దాని కర్ణం వెంట సగానికి కోస్తుంది. మిగిలేది 1/8, 1/8. జవాబు 1/4.

కానీ అదే ప్రశ్నను కొంచెం మార్చి అడగండి. ముందు ఒకచోట విరుస్తాను, తర్వాత రెండు ముక్కల్లో పెద్దదాన్ని తీసుకుని దాన్ని యాదృచ్ఛికంగా విరుస్తాను. ఇప్పుడు జవాబు 2 యొక్క సహజ సంవర్గమానాన్ని (నేచురల్ లాగ్, సుమారు 0.693) రెట్టింపు చేసి ఒకటి తీసేస్తే వచ్చేది, సుమారు 0.386. పెద్ద ముక్కేదో చూడకుండా రెండు ముక్కల్లో ఏదో ఒకటి చేతికొచ్చింది విరిస్తే, అందులో సగం, 0.193. మూడు సందర్భాల్లోనూ "కర్రను యాదృచ్ఛికంగా మూడు ముక్కలు చేశాను" అని చెప్పుకోవచ్చు, జవాబులు మాత్రం మూడు. ఇందులో ఏదీ తప్పు కాదు. కర్రను చేత్తో ఎలా విరిచామో అదే ప్రశ్నలో సగం.

ఈ రంగంలో అందరికంటే పేరున్న ప్రశ్న బుఫాన్ సూది. జార్జ్ లూయీ లెక్లెర్, అంటే బుఫాన్ ప్రభువు, 1733లో పారిస్ సైన్స్ అకాడమీ ముందు పెట్టి, 1777లో అచ్చు వేయించాడు. నేల మీద సమాన దూరంలో సమాంతర గీతలున్నాయి, సూది ఒకటి విసిరాం, సూది పొడవు గీతల మధ్య దూరం కంటే ఎక్కువ కాదు, అది గీతను తాకే సంభావ్యత ఎంత? సూదిని రెండు సంఖ్యలు చేసేయాలి: దాని మధ్యబిందువు నుంచి దగ్గరి గీతకు ఉన్న దూరం, గీతతో అది చేసే కోణం. దూరం సున్నా నుంచి గీతల మధ్య దూరంలో సగం వరకు, కోణం సున్నా నుంచి లంబకోణం వరకు, కాబట్టి ఈసారి బొమ్మ దీర్ఘచతురస్రం. సూది గీతను తాకేది, దూరం సూదిలో సగం పొడవును ఆ కోణపు సైన్‌తో గుణిస్తే వచ్చేదాన్ని దాటనప్పుడు. అంటే సైన్ వక్రం కింద ఉన్న వైశాల్యం కావాలి. భాగించాక మిగిలేది: సూది పొడవుకు రెట్టింపును, గీతల మధ్య దూరానికి "పై" రెట్లతో భాగిస్తే వచ్చేది. సూది పొడవు, గీతల దూరం సమానమైతే 0.6366.

వృత్తమే లేని ప్రశ్నలో "పై" ఎక్కడి నుంచి ఊడిపడింది? కోణాన్ని కొలిచాం కాబట్టి వచ్చిందని చెప్పొచ్చు, కానీ 1860లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు బార్బియే ఇచ్చిన వివరణ ముందు అది వెలవెలబోతుంది. సగటున ఒక సూది గీతలను ఎన్నిసార్లు ఖండిస్తుందన్నది దాని పొడవుకు అనుపాతంలో ఉంటుంది, ఎందుకంటే పొడవైన సూదిని చిన్న సూదులు అతికించిందిగా చూడొచ్చు, సగటులను కూడుకుంటూ పోవచ్చు. అతికించిన చోట వంగినా ఈ కూడిక చెడదు, కాబట్టి సూది తిన్నగా ఉండాలన్న అవసరమే లేదు, వంకర తీగైనా సరే. అలాంటప్పుడు తీగను వృత్తంగా వంచేద్దాం, దాని వ్యాసం సరిగ్గా గీతల మధ్య దూరమంత. ఆ వృత్తాన్ని ఎలా విసిరినా గీతలను సరిగ్గా రెండుసార్లు ఖండిస్తుంది, ప్రతిసారీ రెండే (ఒకేసారి రెండు గీతలకు ఆనుకునే సందర్భంలో కూడా రెండు స్పర్శ బిందువులే). దాని పొడవు "పై" రెట్లు గీతల దూరం. అంత పొడవుకు సగటు రెండైతే, మన సూది పొడవుకు ఎంత? త్రైరాశికం. అదే జవాబు వచ్చేసింది, సైన్ లేదు, సమాకలనం (వక్రం కింద వైశాల్యం తీసే లెక్క) లేదు. సంభావ్యతలో ఇంతకంటే అందమైన వాదన నేను చూడలేదు.

సూదులు విసిరి "పై" విలువ కనుక్కోవచ్చని 1812లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు లాప్లాస్ సూచించాడు. 1901లో ఇటలీకి చెందిన లజ్జారీని 3408 సార్లు విసిరితే 1808 సార్లు గీతను తాకిందని, "పై" విలువ 3.1415929 వచ్చిందని ప్రకటించాడు. ఆరు దశాంశాలు సరిపోయాయి. నమ్మొచ్చా? అతని సూది పొడవు గీతల దూరంలో 5/6 వంతు, లెక్క చేస్తే 5680ను 1808తో భాగించాలి, అది సరిగ్గా 355/113, "పై"కి ఎంతో కాలంగా తెలిసిన ప్రసిద్ధ భిన్నం. ఇంకొక్క సూది తాకి 1809 అయి ఉంటే విలువ 3.1399కి పడిపోయేది. అన్ని విసుర్లతో సహజంగా ఉండే తప్పు పరిమాణం 0.05 చుట్టూ ఉంటుంది. కోరుకున్న జవాబు వచ్చిన క్షణాన ఆపేశాడనో, అంకెలే సర్దాడనో గణితజ్ఞులు అనుమానించడానికి కారణం ఇదే. నిజానికి ఈ పద్ధతి చాలా నెమ్మది: తప్పును పదో వంతుకు తగ్గించాలంటే విసుర్లు వంద రెట్లు పెంచాలి.

ఇప్పుడు చివరి చిక్కు. 1889లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు జోసెఫ్ బెర్ట్రాండ్ ఒక చిన్న ప్రశ్న అడిగాడు. వృత్తంలో ఒక జ్యాను, అంటే పరిధి మీది రెండు బిందువులను కలిపే తిన్నటి గీతను, యాదృచ్ఛికంగా గీస్తే, అది ఆ వృత్తంలో మూడు శీర్షాలూ పరిధిని తాకేలా గీసిన సమబాహు త్రిభుజం భుజం కంటే పొడవుగా ఉండే సంభావ్యత ఎంత?

పరిధి మీద ఒక బిందువును త్రిభుజం శీర్షంగా తీసుకుని, జ్యా రెండో కొన పరిధి మీద ఎక్కడైనా సమంగా పడొచ్చు అనుకుంటే, ఎదురుగా ఉన్న మూడో వంతు చాపంలో పడితేనే జ్యా పొడవవుతుంది. జవాబు 1/3. అలా కాకుండా ఒక వ్యాసార్థం తీసుకుని, దాని మీద ఒక బిందువును సమంగా ఎంచుకుని, అక్కడ లంబంగా జ్యా గీస్తే, ఆ బిందువు కేంద్రానికి సగం వ్యాసార్థం కంటే దగ్గరుండాలి. జవాబు 1/2. అదీ కాకుండా వృత్తం లోపల ఎక్కడో ఒక బిందువును ఎంచుకుని, అదే మధ్యబిందువుగా జ్యా గీస్తే, ఆ బిందువు సగం వ్యాసార్థమున్న లోపలి వృత్తంలో పడాలి. వైశాల్యం పావు వంతు, జవాబు 1/4.

మూడు లెక్కలూ సరైనవే. ఒకదాంట్లో చాపం పొడవును సమంగా పరిచాం, ఇంకోదాంట్లో వ్యాసార్థం పొడవును, మూడోదాంట్లో వైశాల్యాన్ని. ఒకటి సమంగా ఉంటే మిగతావి సమంగా ఉండవు. ప్రశ్నలో "యాదృచ్ఛికంగా" అన్న మాట నిండుగా కనిపిస్తుంది గానీ ఏది సమంగా పరుచుకుందో చెప్పేదాకా అది ఖాళీ మాటే. 1973లో జేన్స్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త దీనికి ఒక మంచి వాదన చేశాడు: దూరం నుంచి పొడవాటి పుల్లలు విసిరితే, వృత్తాన్ని కొంచెం పక్కకు జరిపినా, చిన్నది చేసినా, పుల్లలకు ఆ సంగతి తెలియదు, కాబట్టి జవాబు కూడా మారకూడదు. ఆ షరతుకు నిలబడేది 1/2 ఒక్కటే. పుల్లలు విసిరే ప్రయోగం వరకు నేను ఈ మాట పూర్తిగా ఒప్పుకుంటాను, కానీ పరిధి మీద రెండు మేకులు యాదృచ్ఛికంగా కొట్టి దారం కడితే 1/3 వస్తుంది, దాన్ని తప్పనడానికి నాకు కారణం కనిపించదు.

ఇదంతా పాత పుస్తకాల గొడవ అనుకోకండి, కోడ్ రాసేవాళ్లు దీని మీద రోజూ కాలు వేస్తుంటారు. వృత్తం లోపల యాదృచ్ఛిక బిందువు కావాలి. కోణం ఒకటి యాదృచ్ఛికంగా, కేంద్రం నుంచి దూరం ఒకటి యాదృచ్ఛికంగా తీసుకుంటే సరిపోతుందనిపిస్తుంది. వెయ్యి బిందువులు గీసి చూడండి, మధ్యలో గుంపుగా కనిపిస్తాయి. దూరం సమంగా పరిచాం కాబట్టి సగం బిందువులు సగం వ్యాసార్థం లోపలే పడ్డాయి, అక్కడున్న వైశాల్యమేమో పావు వంతే. బెర్ట్రాండ్ దగ్గర 1/2, 1/4 మధ్య ఉన్న తేడాయే ఇక్కడ తెర మీద మచ్చలా కనిపిస్తోంది. సవరణ ఒక్క పదం: సున్నా నుంచి ఒకటి మధ్య తీసుకున్న యాదృచ్ఛిక సంఖ్యకు వర్గమూలం తీసి, దాన్ని వ్యాసార్థంతో గుణించి దూరంగా వాడాలి. ఆ సంఖ్య 0.25 కంటే తక్కువ వచ్చే సంభావ్యత పావు వంతు, 0.25 వర్గమూలం 0.5, కాబట్టి ఇప్పుడు సగం వ్యాసార్థం లోపల పడేది సరిగ్గా పావు వంతు బిందువులే.